జూన్ నెల జీతము

ఈ నెల మా ఇంటి పైకప్పు రేకులను గూర్చి వ్రాయవలసి వచ్చింది.

సేవలోనికి రాకముందు మేము మైదానములో ఒక ప్రైవేటు వసతి పాఠశాలలో పని చేశాము. ఏప్రిల్ ఆఖరున మానుకొని అనంతగిరి వచ్చేశాము. మే నెల జీతము బ్యాంకులో పడింది. అది సెలవుల జీతము, అక్కడ అందరికీ ఇచ్చేదే. జూన్‌లో కూడ 10,500 రూపాయలు పడ్డాయి. ఈ కొండలలో వాన పట్టుకుంటే వదలదు గదా, ఇంట్లో మూడుచోట్ల గిన్నెలు పెట్టుకొని పడుకొనేవారము. ఆ డబ్బుతో రేకులు కొన్నాము. అంతటితో ఊరుకోక, ప్రభువు మా అవసరము తీర్చాడని ఆదివారము సాక్ష్యము కూడ చెప్పాము!

మరుసటి ఏడు ఉత్తరము వచ్చింది. పొరపాటున రెండు నెలల జీతము ఎక్కువ ఇచ్చాము, 21,000 రూపాయలు పదిహేను రోజులలో కట్టండి అని. జక్కయ్యను గూర్చి ప్రసంగించుట సులువే. మాకు మొదట వచ్చింది మాత్రము కోపము. వారి గుమాస్తా తప్పుకు మేమెందుకు కట్టాలి?

"ముందు లెక్క చూడండి, తరువాత కోప్పడుదురు గాని" అన్నది మా ఇంటావిడ.

అరకు వెళ్లి పాసుపుస్తకములో పద్దులు వేయించుకున్నాము. మే జీతము మాకు రావలసినదేనని వ్రాస్తే వారు ఒప్పుకున్నారు. మిగిలిన 10,500 నెలకు 1,500 చొప్పున ఏడు నెలలు కట్టి, బాకీ లేదని కాగితము తీసుకున్నాము. ఆ కాగితము అడుగుటకు ఎవరూ మొహమాటపడవద్దు.

ఇది విని మా సంఘపెద్ద ఒకాయన వచ్చాడు. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో వంట చేసి రిటైరైన మనిషి. ఎన్నో ఏండ్ల క్రితము ఇంక్రిమెంటు తప్పుగా వేశారనీ, ఆ సొమ్ము తిరిగి కట్టమనీ నోటీసు. "అయ్యగారూ, మీరు కట్టారు గదా. నేనూ మేకలు అమ్మి కట్టేస్తాను" అన్నాడు. మా గుండె జారిపోయింది.

తెలిసిన న్యాయవాది దగ్గరకు తీసుకొని వెళ్లాము. ఆయన ఓపికగా చెప్పాడు. 2014 డిసెంబరు 18న పంజాబు ప్రభుత్వానికీ రఫీక్ మసీహ్‌కూ నడిచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుండి, రిటైరైనవారి నుండి, ఏడాదిలో రిటైరు కాబోయేవారి నుండి, అయిదేండ్లకు పైబడి ఇస్తూ వచ్చిన సొమ్ము విషయములో, ఇట్టి వసూలు కూడదన్నది. అయితే ఎక్కువ వస్తే తిరిగి ఇస్తానని ముందే సంతకము చేసిన ఒక అధికారి విషయములో 2016లో వసూలు సరియే అన్నది. గనుక ఏ కాగితము మీద సంతకము పెట్టామో చూచుకోవాలి. 2022 మే 2న కేరళ ఉపాధ్యాయుని వ్యాజ్యములో రిటైరైన తరువాత వసూలు చేయకూడదంటూనే, ఎక్కువ వస్తున్నదని ఉద్యోగికి తెలిసియుంటే మాత్రము సంగతి వేరు అని కూడ చెప్పింది.

పెద్దాయనకు తెలియదు. పైవారు కట్టిన లెక్క, ఆయన తీసుకున్నాడు, అంతే. అర్జీ వ్రాయించాము. మేకలు దొడ్డిలోనే ఉన్నాయి.

తిరిగి వస్తుండగా బస్సులో ఆయన మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, ఆ జూన్ డబ్బు మీది కాదని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు పెద్దయ్యా" అన్నాము.

తరువాతి ఆదివారము నిలువబడి, ఆ పాత సాక్ష్యమును సరిచేసి చెప్పాము. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. బయట వాన కురుస్తూ ఉంది.