అరసవల్లి దారిలో... కుదుపూ అదుపూ!

మాఘ శుద్ధ సప్తమి. ఇంకా తెల్లవారనే లేదు. శ్రీకాకుళంలోని ఏడు రోడ్ల కూడలి అప్పటికే నిద్ర లేచేసింది. ఆటోలు, జీపులు, కార్లు, పల్లెవెలుగు బస్సులు... అన్నిటి దారీ అరసవల్లికే.

అక్కడ కొలువైన సూర్యనారాయణమూర్తిది ఏడు గుర్రాల రథం. పురాణాల ప్రకారం దానికి చక్రం ఒక్కటే. తోలేది అనూరుడు. పేరులోనే ఉంది... తొడలు లేనివాడని. స్వామివారి రథం ఆకాశంలో నడుస్తుంది కాబట్టి గోతుల గొడవ లేదు. గొడవంతా నేలమీద వచ్చే భక్తులకే!

విశాఖ వైపు నుంచి వచ్చిన ఓ కారు గుడికి కాస్త దూరంలో ఆగుతుంది. వెనక సీట్లోంచి మామ్మగారు మెల్లగా దిగి, రెండు చేతులూ నడుం మీద వేసుకుంటుంది. ‘నడుం ఇరిగిపోనాదిరా నాయనా’ అంటుంది. స్టీరింగ్ ముందున్న మనవడు ఊరుకుంటాడా... ‘స్ప్రింగులు మెత్తగా ఉంటే మలుపులో బండి ఊగిపోతాది మామ్మా’ అంటాడు.

ఇద్దరి మాటా నిజమే. మామ్మకు కావాల్సింది కుదుపు లేని ప్రయాణం. మనవడికి కావాల్సింది అదుపు తప్పని బండి. ఈ తగవు తీర్చాల్సింది కారు అడుగున కనిపించకుండా ఉండే స్ప్రింగులే.

ఒకే దారి... రెండు పరీక్షలు

విశాఖపట్నం నుంచి అరసవల్లి వంద కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారే. ఒకప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16. నున్నటి రోడ్డు, వేగంగా దూసుకెళ్లే లారీలు. అక్కడ స్ప్రింగులు మరీ మెత్తగా ఉంటే బండి పడవలా తేలుతుంది. లేను మారితే ఓ పక్కకి ఒరుగుతుంది. ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంచుతుంది.

రహదారి దిగి ఊళ్లోకి వచ్చాక పరీక్ష మారిపోతుంది. స్పీడు బ్రేకర్లు, అతుకుల రోడ్లు. దర్శనం అయ్యాక చాలామంది శ్రీకూర్మం వెళ్తారు. పిల్లలు గోల చేస్తే కళింగపట్నం సముద్రతీరమూ చూపించాలి. ఆ దారుల్లో స్ప్రింగులు గట్టిగా ఉంటే ప్రతి గొయ్యీ వెన్నుపూసకి తెలిసిపోతుంది. ఉదయం రహదారి మీద మెప్పించిన బండే మధ్యాహ్నానికి తిట్లు తింటుంది.

జట్కా నుంచి కారు దాకా

ఈ తగవు ఈనాటిది కాదు. అరసవల్లి గుడిని 7వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన గంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఆ కాలం నుంచి ఎన్నో తరాలు ఎడ్లబండ్ల మీదే కొండలూ గుట్టలూ దాటాయి. ఎడ్లబండికి స్ప్రింగులెక్కడివి? పరిచిన ఎండుగడ్డే పరుపు. తర్వాత జట్కాలు వచ్చాయి, వాటి కింద వంపు తిరిగిన ఇనుప పట్టీలు వచ్చాయి. ఇంగ్లండులో ఒబాడియా ఇలియట్ అనే బండ్ల తయారీదారు 1804లో ఇలాంటి పట్టీల అమరికకు పేటెంటు తీసుకున్నాడు. మన మెకానిక్కులు వాటినే కమాన్ కట్టలంటారు.

2014లో తయారీ ఆగిపోయేదాకా అంబాసిడర్ కారుకు వెనక ఉన్నవి ఆ కట్టలే. లారీలకూ, పల్లెవెలుగు బస్సులకూ, బొలేరోకూ వెనక ఇప్పటికీ అవే. బరువు మోయడంలో వాటికి సాటి లేదు. ఖాళీ బొలేరో చిన్న గోతికే ఎగిరెగిరి పడుతుంది. అదే బండిలో తొమ్మిదిమంది ఎక్కితే బుద్ధిగా నడుస్తుంది. కారణం... ఆ కట్టల్ని నిండు బరువు కోసమే చేశారు. ఇన్నోవా లాంటి బండ్లకు వెనక కూడా చుట్టల స్ప్రింగులుంటాయి. అందుకే అవి ఒకరున్నా ఏడుగురున్నా అంత తేడా చూపించవు.

అసలు లెక్క ఇదీ!

వంద కిలోల బరువుకు స్ప్రింగు 4 సెంటీమీటర్లు దిగితే, రెండు వందల కిలోలకు 8 సెంటీమీటర్లు దిగుతుంది. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ఇదే. ఎంత తక్కువ దిగితే స్ప్రింగు అంత గట్టిది.

మామూలు కారు స్ప్రింగుల మీద సెకనుకు సుమారు ఒకటి, ఒకటిన్నర సార్లు పైకీ కిందికీ ఊగేలా తయారుచేస్తారు. మనిషి నడిచేటప్పుడు శరీరం ఊగే వేగానికి ఇది దగ్గర. కాబట్టి ఒంటికి హాయిగా ఉంటుంది. ఊపు మరీ నెమ్మదైతే కొందరికి కడుపులో తిప్పుతుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే కుదుపును మాత్రం మన శరీరం అసలు ఓర్చుకోలేదు. పందెం కార్ల స్ప్రింగులు మామూలు కార్ల కంటే చాలా గట్టివి. వాటిలో మామ్మలు ఎక్కరు కదా!

స్ప్రింగు తీగ మందంలో చిన్న తేడా వచ్చినా ఫలితం పెద్దదే. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్లది వాడితే, మిగతావన్నీ అలాగే ఉన్నా, గట్టిదనం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. ‘కొంచెం గట్టివి వెయ్యండి’ అని మెకానిక్కుకు చెప్పే ముందు ఆ ‘కొంచెం’ ఎంతో ఆలోచించుకోవాలి.

అక్కడే పొరపాటు

కుర్రకారులో కొందరికి బండి నేలకు అంటుకుని కనిపించాలని సరదా. స్ప్రింగులో ఒక చుట్టు కోయించేస్తారు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి పోతే అది దాదాపు 20 శాతం గట్టిపడుతుంది. దిగడానికి ఉన్న చోటేమో తగ్గిపోతుంది. కోసిన కొస గూట్లో సరిగా కూర్చోదు. పెద్ద గోతిలో పడితే అడుగున ఉన్న రబ్బరు దిమ్మకు ధన్‌మని కొట్టుకుంటుంది. కుదుపూ పెరిగింది, అదుపూ పోయింది!

కుటుంబీకుల బాధ వేరు. అయిదుగురు పెద్దవాళ్లూ, డిక్కీ నిండా సామానూ ఎక్కేసరికి బండి వెనక భాగం కూర్చుండిపోతుంది. ముందు భాగం లేస్తుంది. రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. దీనికి విరుగుడుగా చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తారు. ఎత్తు పెరుగుతుంది గానీ, ఖాళీగా వెళ్లేటప్పుడు బండి కట్టెలా తయారవుతుంది. ఏడాదికి నాలుగుసార్లు ఊరెళ్లడం కోసం మిగతా రోజులన్నీ కుదుపులు భరించాలా అన్నదే ప్రశ్న.

స్ప్రింగు ఒక్కటే కాదు

స్ప్రింగు గోతి దెబ్బను తనలో దాచుకుంటుంది. తిరిగి విసిరేస్తుంది కూడా. ఆ విసురును అణిచేది షాక్ అబ్జార్బర్. షాకులు పోయిన బండికి గట్టి స్ప్రింగులు వేస్తే రహదారి మీద బంతిలా ఎగురుతుంది. అందుకే స్ప్రింగుల మీద డబ్బు పోసే ముందు ఓ చిన్న పరీక్ష చేయాలి. బండి మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడుసార్లు ఊగినా, షాక్ మీద నూనె చెమ్మ కనిపించినా మార్చాల్సింది దాన్నే. మార్చినప్పుడు రెండు పక్కలా కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, మరో పక్క పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి నిలకడ తప్పవచ్చు.

నిజంగానే ఎప్పుడూ నిండు బరువుతో తిరిగే బండైతే, ఆ మోడల్ కోసమే చేసిన గట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాకులతో కలిపి వేయించుకోవడం సబబు. కొద్ది బరువుకు మెత్తగా, బరువు పెరిగేకొద్దీ గట్టిపడే స్ప్రింగులూ దొరుకుతాయి. ఇంట్లో నలుగురే అయితే కంపెనీ ఇచ్చినవే చాలు. టైర్లలో గాలి ఎంత ఉండాలో తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. అది సరిచూసుకున్నా సగం కుదుపు తగ్గినట్టే అనిపిస్తుంది.

రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగగా జరిపారు. ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో లేత కిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్లోనూ జనం పోటెత్తుతారు. వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. వాళ్లను వెనక చక్రాల మీద ఉండే సీట్లో కాకుండా ముందు సీట్లోనో, మధ్య వరసలోనో కూర్చోబెడితే పైసా ఖర్చు లేకుండా సుఖం దక్కుతుంది.

దర్శనం అయ్యింది. తిరుగు ప్రయాణంలో మనవడు టైర్లలో గాలి సరిచూయించి, మామ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. స్పీడు బ్రేకరు కనిపించినప్పుడల్లా ముందే నెమ్మదించాడు. ఇల్లు చేరాక మామ్మ నడుం మీద చెయ్యి వెయ్యకుండానే దిగింది.

‘ఈపాలి నడుం పట్టనేదురా’ అంది.

స్ప్రింగులు అవే. మారింది మనవడే!