కొయ్యతల లోపల ఎవరు?

పిల్లలూ, ఆఫ్రికా తూర్పు భాగాన రువూమా అనే నది ఉన్నది. దానికి ఉత్తరాన టాంజానియా, దక్షిణాన మొజాంబిక్. ఈ నదికి అటూ ఇటూ ఉండే మకొండే జాతివారు కొయ్య చెక్కడంలో పెట్టింది పేరు.

వారి ఆటలలో 'లిపికో' అనే వేషం ఒకటి ఉన్నది. తేలిక కొయ్యను లోపల తొలిచి, కుండలాగా నెత్తిన బోర్లించుకొనే తలను చేస్తారు. దానికి నిజమైన మనిషి వెంట్రుకలు అతికిస్తారు. పూర్వం మకొండేలు మొహాన పొడిపించుకొనే గీతలను మైనంతో దిద్దుతారు. ఆటగాడు చూసేది బొమ్మ కళ్ళలోంచి కాదు, నోటిలోంచి! అందుచేత బొమ్మ ఆకాశంకేసి చూస్తున్నట్టుంటుంది. ఒళ్ళు పిసరంతైనా కనపడకుండా గుడ్డలు చుట్టుకొంటాడు. ఎందుకంటే, అది మనిషి కాదనీ, చచ్చినవాడు తిరిగి వచ్చాడనీ ఆడవాళ్ళకూ పిల్లలకూ చెప్పేవారు. డప్పులు మోగి లిపికో వస్తే పిల్లలు పరుగో పరుగు!

మగపిల్లలు ఈడుకు రాగానే వాళ్ళను ఊరికి దూరంగా అడవిలో ఉంచేవారు. పెద్దవాళ్ళు నేర్వవలసినవన్నీ అక్కడ నేర్పేవారు. అప్పుడే లిపికో తలను వాళ్ళ ఎదుట తీసేవారు. లోపల ఎవరు? చెమటలు కక్కుతూ తమ ఊరి మనిషే!

నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా ఉన్నవాణ్ణి కనుక నాకు ఇక్కడ ఒక ఆలోచన వస్తుంది. మన ఇళ్ళలోనూ బూచాడని భయపెడతాం. కాని బూచాడు లేడని ఏ తండ్రీ పిల్లవాణ్ణి పిలిచి చెప్పడు; వాడే కనిపెట్టుకోవాలి. మకొండే పెద్దలు చెప్పేస్తారు. చెప్పి, "ఈ మాట చిన్నవాళ్ళతో అనకు" అంటారు. నిన్నటిదాకా తాను పరుగెత్తినవాడే, రేపు తమ్ముడు ఏడుస్తూ వచ్చి కాళ్ళు చుట్టేస్తే నోరు మూసుకొని నిలబడాలి. ఇది తేలికైన పనా? లెక్కల పరీక్ష ఇంతకన్నా నయం!

ఆడవాళ్ళకు నిజంగా తెలియదా అంటే నాకు అనుమానమే. రోజూ అన్నం పెట్టే ఇల్లాలికి భర్త నడక తెలియకుండా ఉంటుందా? తెలిసీ తెలియనట్టు ఉండేవారేమో. ఆడపిల్లలకు వేరే వేడుకలున్నవి. వాటి రహస్యాలు మగవాళ్ళకు చెప్పరు.

పోర్చుగీసువారు పాలించిన కాలంలో ఈ చెక్కడంవాళ్ళు ఊరుకోలేదు. ఆ దొరల మొహాలనూ చెక్కి ఆడించారు. 1975లో మొజాంబిక్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. తరవాత లిపికో అడవి వేడుకలకే పరిమితం కాకుండా, పండుగలలో నలుగురి ఎదుటా ఆడే ఆట కూడా అయింది.