వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

మా ఇంటి నేలమాళిగలో మెట్లు దిగగానే మూత పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కనిపిస్తుంది. వచ్చినవారు బియ్యం పోసుకున్నామనుకుంటారు. అందులో ఉన్నది ఉప్పునీరు.

మేముండేది మిచిగన్‌లో. చుట్టూ సముద్రాలను తలపించే సరస్సులున్నా అన్నీ మంచినీళ్ళే. పైన హాల్లోని 680 లీటర్ల అక్వేరియంలో ఉన్న చేపలకూ పగడాలకూ కావలసింది ఉష్ణమండలపు సముద్రజలం. కనుక దానిని ఇంట్లోనే తయారుచేసుకోవాలి. రెండు వారాలకొకసారి 130 లీటర్ల పాతనీరు తీసి, అంతే కొత్తనీరు పోయాలి.

కొళాయి నీరు నేరుగా పనికిరాదు. ముందు ఆర్.ఓ. యంత్రంలో వడకట్టాలి. చలికాలంలో నీరు చల్లబడేకొద్దీ ఆ యంత్రం మరింత నెమ్మదిస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఒక రోజు దాటుతుంది. ఆపైన లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ఏడు కిలోల ఉప్పు. వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం వంటివన్నీ పాళ్ళ ప్రకారం కలిపిన అక్వేరియం ఉప్పు. చిన్న పంపు వేసి నీటిని తిప్పుతూ ఉంచాలి.

చివరిది, అన్నిటికన్నా ఓపిక కావలసినది, వెచ్చబెట్టడం. 14 డిగ్రీల వద్దనున్న ఆ నీటిని 25కు తేవడానికి రెండున్నర యూనిట్ల కరెంటు పడుతుంది. 300 వాట్ల హీటరుకు అది ఎనిమిదిన్నర గంటల పని. డ్రమ్ము గోడల నుంచి పోయే వేడిని కూడా కలుపుకుంటే ఒక రాత్రి. శుక్రవారం పడుకోబోయేముందు వేస్తే శనివారం ఉదయానికి నీరు సిద్ధం.

కిందటి చలికాలంలో బాపట్ల నుంచి వచ్చిన అమ్మ ఈ తతంగమంతా చూసి నవ్వింది. "మన సూర్యలంకలో ఊరికే పడున్న ఉప్పునీళ్ళకు ఇంత హడావిడేమిట్రా? వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు. ఆ కాసినీ అలాగే కలిపేస్తే ఏం?"

సమాధానం నాకు తెలుసు, కానీ వెంటనే చెప్పలేకపోయాను.

అంతకు మూడేళ్ళ ముందు జనవరిలో ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి భోజనానికి పదిమంది రావలసి ఉంది. ముందురోజు రాత్రి హీటరు వేయడం మరిచిపోయాను. ఉప్పు కూడా ఆ ఉదయమే కలిపాను. గంట కూడా కాలేదు. అతిథులు వచ్చేసరికి అద్దాలు మెరవాలని ఆ చన్నీళ్ళనే పంపు పెట్టి ఎక్కించేశాను. తరువాత లెక్క వేసుకుంటే తొట్టిలో ఉష్ణోగ్రత కొద్ది నిమిషాలలోనే రెండు డిగ్రీలు పడిపోయింది.

ఆ సాయంత్రం అందరూ తొట్టిని మెచ్చుకున్నారు. నాలుగు రోజుల తరువాత మా బ్లూ టాంగ్ ఒంటిమీద ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు కనిపించాయి. ఆ పరాన్నజీవి నీటిలో ముందే ఉండి ఉండవచ్చు. దానికి తలుపు తీసినది మాత్రం నేనేనని నా నమ్మకం. వేరే తొట్టిలో ఉంచి మందు వేసినా చేప రెండు వారాలకు మించి బతకలేదు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఎంచి తెచ్చుకున్న చేప అది, ఐదేళ్ళు పెరిగింది. పిల్ల ఏడవలేదు. "ఆరోజు నీళ్ళు వేడిచేశావా నాన్నా?" అని మాత్రం అడిగింది. చేశానని చెప్పాను.

అబద్ధం రెండు రోజులు కూడా దాచలేకపోయాను. నిజం చెప్పిన తరువాత ఆమె నాతో ఒక వారం సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఒక పెద్ద హీటరుకు బదులు రెండు చిన్నవి ఉన్నాయి. వాటిలోని స్విచ్ ఒక్కొక్కసారి అతుక్కుపోయి ఆరదు; అందుకని వేడి మించకుండా కరెంటు ఆపే సాధనం వేరుగా పెట్టాను. నీరు తోడేముందు ప్లగ్గు తీసేస్తాను. పదిమంది వచ్చినా, పండుగ వచ్చినా, తెల్లవారేదాకా ఆగుతాను.

ఇదంతా విని అమ్మ ఏమీ అనలేదు. మరునాడు పొద్దున్నే డ్రమ్ము మూత తీసి, పసిపిల్లల స్నానానికి చూసినట్లు ముంజేయి ముంచింది.

"ఇంకా చల్లగానే ఉన్నాయిరా," అంది.

థర్మామీటరు 25 చూపిస్తోంది. "వాటికి ఇదే వెచ్చనమ్మా," అన్నాను. అయినా మరో గంట ఆగాము.