ఆ దారం ఎవరిది?

మొన్న కనుమనాడు మా వేపకొమ్మకు ఓ గద్ద తలకిందులుగా వేలాడుతోంది. రెక్కకు మాంజా. మెల్లగా దింపి, పాపం దాహమేమోనని నోట్లో నీళ్లు పోశాను.

‘‘అలా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయండీ! తిండీ నీళ్లూ ఏమీ పెట్టకుండా, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి మూతేసి తేవాలి. చీకట్లో ఉంటే బెదురు తగ్గుతుంది’’ అన్నారు పశువైద్యుడు. గాయం కడిగి కుట్లేశారు. దారం కండను కోసేసిందట. బతుకుతుందిగానీ, ఎగరడం అనుమానమేనన్నారు.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా కొట్లో అడగ్గానే ఇచ్చారు.

దారిలో మావాడు అడిగాడు... ‘‘అది మన దారమేనా నాన్నా?’’

భోగినాడు వాడికి చరఖా కొనిపెట్టింది నేనే. ఏం చెప్పను?