మందులు ఉచితమే, మరి కూలి?

మా రాజాంలో డబ్బుల్లేక బీపీ, షుగరు మాత్రలు మానేసేవాళ్ళు తక్కువ. సర్కారు ఆసుపత్రిలో అవి ఉచితంగానే దొరుకుతాయి. ఆసుపత్రికొస్తే ఆ రోజు కూలి పోతుందని మానేసేవాళ్ళే ఎక్కువ. ఇంటిల్లిపాదికీ సంపాదించేది ఒక్కరే అయినప్పుడు, పది రోజులు విశ్రాంతి తీసుకోమనడం మండుతున్న పొయ్యిలో నీళ్ళు పోయడమే.

జూట్‌మిల్లు కార్మికుడొకాయన నడుంనొప్పని నాకు చూపించుకోవడానికి వచ్చారు. బీపీ చూస్తే 180/110. ఏళ్ళ తరబడి షిఫ్టుకు ముందు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మింగుతున్నారట. నొప్పి తగ్గి పని నడిచింది గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 3 దాటింది. "ఇంటికాడ సెప్పకండి బావూ! పెద్దగుంట పెళ్ళి కుదిరింది. నాకు జబ్బని తెలిస్తే అప్పెవుడిత్తాడు?" అన్నారు.

కిడ్నీ జబ్బంటే మనవైపు అందరికీ ఉద్దానం ప్రాంతమే గుర్తొస్తుంది. అక్కడి జబ్బుకు మూలం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈయన జబ్బుకు కారణాలు మాత్రం కళ్ళెదుటే ఉన్నాయి: అదుపు తప్పిన బీపీ, నొప్పిమాత్రలు. ఇలాగే వదిలేస్తే డయాలసిస్ దాకా వస్తుంది. అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. దానికి ప్రభుత్వ వైద్య పథకం ఉంది, నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది. కానీ ఆ పింఛను జబ్బు ముదిరాక వచ్చేది.

ముదరకముందే ఆదుకునేది కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐ. అర్హత ఉన్న కార్మికుడికి జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. జాబితాలోని 34 దీర్ఘవ్యాధులకైతే 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగిస్తారు. అందులో కిడ్నీ వైఫల్యమూ ఉంది. నెలనెలా చందా కట్టిన ఆ మిల్లు కార్మికుడికే ఈ సంగతి తెలియదు.

ఇడ్లీబండి నడిపే ఒకావిడకు ఆ దారీ లేదు. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బండి మీదే చదివిస్తున్నారు. షుగరుతో పాదానికి పుండు పడింది. "ఒక్కరోజు బండెట్టకపోతే బేరం పక్కబండికి ఎల్లిపోద్ది బావూ" అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు, తినేది పది దాటాకే. లేవగానే ఇన్సులిన్ వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని మానేశారు. సూదిని తినే వేళకు మార్చాం. బండి దగ్గర స్టూలు వేసుకుని కూర్చోమన్నాం. వడ్డన పెద్దకొడుకు అందుకున్నాడు. పుండు నెమ్మదిగా మానింది.

సంపాదించేవారి బీపీ, షుగరు, క్రియాటినిన్ ఎంతున్నాయో ఇంట్లో ఇంకొకరికైనా తెలియాలి. నొప్పిమాత్రలు షాపులో అడిగి కొనకండి. ఈఎస్‌ఐ కార్డుంటే డాక్టరుకు చూపించండి. డాక్టర్లం మేమూ ఏం పని చేస్తారు, ఎన్నింటికి తింటారు, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తారు అని అడిగాకే మందు రాయాలి.