మర్రి పూస్తే... ద్రాక్ష దక్కుతుంది!

ఒకవైపు హిందూ మహాసముద్రం. ఇంకోవైపు ఆకాశాన్నంటే అడవి. నడుమ ద్రాక్షతోటలు, ఆ తోటల మధ్యే అతిథుల కోసం గదులు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్‌లో ఓ నాలుగు రోజులు తీరిగ్గా గడిపితే... విశ్రాంతితో పాటు ఓ చెట్టు కథ కూడా వెంట వస్తుంది.

మర్రిచెట్టు పూయడం ఎప్పుడైనా చూశారా? చూసుండరు. మన మర్రికి పూలు కాయల్లోపలే దాక్కుంటాయి. కానీ ఆస్ట్రేలియా నైరుతి మూలన ఇంకో 'మర్రి' ఉంది. అక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలు పెట్టిన పేరది. దానికి ఊడలుండవు. యూకలిప్టస్‌కి దగ్గరి చుట్టం. కాండానికి గాయమైతే రక్తంలాంటి ఎర్రటి జిగురు కారుతుంది. వేసవి చివర్లో చెట్టంతా మీగడరంగు పూలతో నిండిపోతుంది. ఆ పూల కోసం అక్కడి ద్రాక్ష రైతులు ఆశగా ఎదురుచూస్తారు. ద్రాక్ష రైతుకీ అడవిచెట్టు పూలకీ ఏమిటి సంబంధం అంటారా? అదే ఈ ఊరి అసలు కథ!

లాడ్జి అంటే లాడ్జి కాదు!
పెర్త్ నగరం నుంచి దక్షిణంగా దాదాపు 270 కిలోమీటర్లు. కారులో మూడు గంటలు. మనలాగే అక్కడా రోడ్డుకి ఎడమవైపే నడపాలి. దారిలో బస్సల్టన్ అనే ఊళ్లో సముద్రంలోకి 1,841 మీటర్ల పొడవున చొచ్చుకెళ్లిన చెక్క జెట్టీ ఉంది. కాళ్లు సాచుకోవడానికి అక్కడ ఆగాల్సిందే. ఆ తర్వాత కవరమప్ అనే చిన్న ఊరు. పేరులో 'కౌ' ఉంది కదాని ఊరంతా ఆవుల బొమ్మలు పెట్టేశారు. పిల్లలు ఫొటోలు దిగందే కారెక్కరు. ఇక అక్కణ్నుంచి రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్షతోటలే.

పేరుకి లాడ్జే కానీ మన బస్టాండు పక్కన ఉండే లాడ్జిని ఊహించుకోకండి. తోట గట్టున నాలుగైదు గదులు, ముందు పొడవాటి వరండా, వరండాలో పడక్కుర్చీలు, బయట పొయ్యి పెట్టుకుని వండుకునే ఏర్పాటు. చాలా చోట్ల తోట యజమానులే పక్కన ఉంటారు. బస చేసినవాళ్లు చేయాల్సిన పనేమీ ఉండదు. పొద్దున్నే లేస్తే ద్రాక్ష సాళ్ల మధ్య కంగారూలు గడ్డి మేస్తూ కనిపిస్తాయి. తలుపు చప్పుడైతే చాలు, తలెత్తి ఓసారి చూసి గంతులేస్తూ వెళ్లిపోతాయి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి చల్లగాలి మొదలవుతుంది. రాత్రయితే ఊరి దీపాలు అడ్డురాని ఆకాశం, నిండా చుక్కలు.

పందిళ్లు లేని ద్రాక్ష
ద్రాక్షతోట అనగానే మనకి తలెత్తి చూసే పందిరి గుర్తొస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్ శివార్లలో మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళ్తే అనాబ్-ఎ-షాహి పందిళ్లు కనిపించేవి. ఇక్కడ పందిళ్లుండవు. గుంజలకి తీగలు కట్టి, వాటి మీదికి కంచెలా పాకిస్తారు. గుత్తులు నడుము ఎత్తులోనే వేలాడుతుంటాయి. ఒకటి తెంపి నోట్లో వేసుకుంటే ఆశ్చర్యపోతారు. మనం తినే ద్రాక్షలో సగం సైజు కూడా ఉండదు. మందపాటి తోలు, లోపల గింజలు. కానీ తీపి మాత్రం గొంతు పట్టేంత! ఇవన్నీ వైన్ కోసం పెంచే రకాలు.

మందు ముట్టని ఇంటి నుంచి వెళ్లినవాళ్లకి ఇక్కడేం పని అన్న అనుమానం సహజమే. తోటల్లో వైన్ రుచి చూపించే గదులుంటాయి. కావాలనుకున్నవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు లేదు. ఎవరూ బలవంతపెట్టరు. పిల్లలు పచ్చిక మీద ఆడుకుంటుంటే పెద్దవాళ్లు కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

ఒక్క సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ కోతల కాలం. పగటి ఎండకి పండు వేడెక్కకూడదని చాలా తోటల్లో రాత్రిపూట యంత్రాలతో కోస్తారు. అర్ధరాత్రి మెలకువ వస్తే సాళ్ల మధ్య దీపాలు మెల్లగా కదులుతుంటాయి. మనం విశ్రాంతి కోసం వెళ్లే రోజులే ఆ ఇంటివాళ్లకి కంటిమీద కునుకులేని రోజులన్నమాట!

డాక్టర్లు వేసిన తోటలు
అరవై ఏళ్ల కిందట ఇదంతా పాడిరైతుల నేల. 1965లో డాక్టర్ జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఇక్కడి వాతావరణం మీద ఓ వ్యాసం రాశారు. సముద్రం దగ్గరుండటం వల్ల చలికాలంలో మంచు బాధ తక్కువ, వేసవిలో ఎండ మరీ మండిపోదు, పండు పక్వానికొచ్చే నెలల్లో వానలు పెద్దగా పడవు... ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలాగే ఇదీ ద్రాక్షకి అనువైనదని ఆయన చెప్పింది. అది చదివి రంగంలోకి దిగింది రైతులు కాదు, డాక్టర్లు! పెర్త్‌లో గుండెవైద్యుడైన టామ్ కలిటీ 1967లో తొలి తోట వేశారు. ఆయన వెనకే ఇంకొందరు వైద్యులూ వచ్చారు. వారమంతా రోగుల్ని చూడటం, సెలవు దొరికితే తోటలో పడటం.

కలిటీ తన తోటకి 'వాస్ ఫెలిక్స్' అని పేరుపెట్టారు. 1801లో ఫ్రెంచి నావికుడు నికొలా బోదాన్ యాత్రలో వచ్చిన థామస్ వాస్ అనే నావికుడు ఈ తీరంలోనే సముద్రంలో పడి గల్లంతయ్యాడు. ఫెలిక్స్ అంటే లాటిన్‌లో అదృష్టవంతుడు. ఆ వాస్‌కి లేని అదృష్టం తన తోటకి ఉండాలనుకున్నారేమో!

గద్ద ఎగిరిపోయింది
అదృష్టం అంత తేలిగ్గా రాలేదు. పంట చేతికొచ్చే వేళకి సిల్వర్‌ఐలు వాలాయి. పిచ్చుక కన్నా చిన్న పిట్ట. ఒంటికి ఆకుపచ్చ రంగు, కంటిచుట్టూ తెల్లటి వలయం. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది కానీ గుంపుగా దిగితే గుత్తులు ఖాళీ. వాటిని బెదరగొట్టడానికి కలిటీ ఓ డేగని తెప్పించారు. తీరా దాన్ని వదిలితే... పిట్టల జోలికి పోకుండా అది ఎటో ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు! ఆ డేగ బొమ్మే తర్వాత ఆ తోట ముద్ర అయింది.

మరి పంటని కాపాడేది ఎవరు? మర్రి. సిల్వర్‌ఐకి మర్రిపూల తేనె దొరికితే చాలు, ద్రాక్ష వంక అంతగా చూడదు. మర్రి బాగా పూసిన ఏడు తోట నిశ్చింత. సరిగా పూయని ఏడు పిట్టలన్నీ ద్రాక్ష మీదే. అందుకే చాలామంది సాళ్ల పొడవునా వలలు కప్పుతారు. వలలకి డబ్బు, కప్పడానికి కూలీలు, కోతప్పుడు మళ్లీ తీయడం... అంతా ఖర్చే. అడవి చెట్టు ఉచితంగా చేసే పని అది!

ఈ సంబంధం ఒక్క రైతుతోనే కాదు. తేనెటీగలకి మర్రి పెద్ద దిక్కు. దాని గట్టి కాయల్లోంచి గింజలు లాక్కుని తినడానికి వీలైన పొడవాటి ముక్కుతో ఓ నల్ల కాకటూ ఉంది. బోదాన్ పేరుతోనే పిలిచే ఆ పక్షి ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. నూంగార్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కిస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలలు 'బునురు' రుతువు. మర్రి పూసే కాలం.

ఇప్పుడా మర్రికే కష్టం వచ్చింది. కాండాన్ని పుండులా తినేసే ఓ శిలీంధ్రపు తెగులు చెట్లని ఎండబెడుతోంది. రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద ఒంటరిగా మిగిలిన చెట్ల మీద దాని దెబ్బ ఎక్కువ. మన శివార్లలో పందిళ్లు ఎక్కువగా ఇళ్ల ప్లాట్లకి పోయాయి. అక్కడ తోటలు పచ్చగానే ఉన్నాయి కానీ, వాటికి కాపలా కాసే చెట్టుకి ముప్పొచ్చింది. వరండాలో కూర్చుని చూస్తే కనిపించేది ద్రాక్ష పచ్చదనమే. దాని వెనకున్న చెట్టునీ ఓసారి చూడాలి.

సముద్రంతో జాగ్రత్త
తోట నుంచి తీరానికి చాలాచోట్ల పదిహేను, ఇరవై నిమిషాలే. హామెలిన్ బే దగ్గర లోతు లేని నీళ్లలోకి పెద్ద పెద్ద టేకు చేపలు వస్తాయి. గట్టున నిలబడి చూడొచ్చు, ముట్టుకోకూడదు. దక్షిణపు కొసన కేప్ లూయిన్ లైట్‌హౌస్ ఉంది. జూన్ నుంచి తిమింగిలాలు కనిపిస్తాయి. దారిలో బోరనప్ అడవి. అక్కడి కారీ చెట్లు అరవై మీటర్ల దాకా పెరుగుతాయి. కింద సున్నపురాతి గుహలు.

కానీ ఈ సముద్రం మన బీచ్‌ల్లాంటిది కాదు. ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి పెద్ద అల ఒక్కసారిగా బండల మీదికి వచ్చేస్తుంది. ఫొటో కోసం తడి బండలెక్కొద్దు. లైఫ్‌గార్డులు ఉన్నచోట, ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్లలో దిగాలి.

వెళ్లాలనుకుంటే...
* సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా పెర్త్ చేరుకోవచ్చు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు.
* తోటలు దూరదూరంగా ఉంటాయి, కారు తప్పనిసరి. కంగారూలు రోడ్డుకి అడ్డొస్తాయి కాబట్టి చీకటిపడేలోపు గదికి చేరిపోవాలి.
* శాకాహారులు వంటగది ఉన్న బసే చూసుకోవాలి. పప్పు, బియ్యం బస్సల్టన్‌లోనే కొనేసుకుంటే నిశ్చింత.
* వెంట తీసుకెళ్లే తిండి వస్తువులన్నీ విమానాశ్రయంలో డిక్లేర్ చేయాల్సిందే. పండ్లు, విత్తనాలు, మొక్కల జోలికి అసలు పోవద్దు. ద్రాక్ష వేళ్లని తినే ఫైలోక్సెరా అనే పురుగు 19వ శతాబ్దంలో యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి మాత్రం అది అడుగుపెట్టలేదు. సంచులు విప్పి వెతికినా విసుక్కోకండి. కాపాడుకోవాల్సింది వాళ్లకి చాలా ఉంది!