నీలి పెంకుపురుగు పేరు

వరిచేలలో నీలివర్ణముతో మెరసెడి చిన్న పెంకుపురుగులు కనబడుచుండును. పొడవున అవి 5 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. దూరమునుండి చూచువానికి అవి యన్నియు నొక్కటే. కాని వానిలో నొకటి వరియాకుపై పచ్చదనమును గీకి తిని తెల్లని చారలు మిగుల్చును. దాని పిల్లపురుగు ఆకు రెండు పొరల నడుమ దూరి లోలోపలనే తొలిచివేయును. రైతులు ఈ పీడను తాటాకు తెగులందురు. శాస్త్రజ్ఞులు ఆ పురుగును హిస్పా యందురు. రెండవదానికి ప్రీతియైన యాహారము వరి కాదు. చేనిలో తడినేలను మొలచి, పసుపుపూలు పూచెడి లుడ్విజియా యను కలుపుమొక్కపై అది గుంపులుగా చేరి ఆకులను జల్లెడ చేయును. దీని పేరు ఆల్టికా. రంగు నొక్కదానినే చూచి మందు చల్లువాడు ఈ రెండవదానిని చంపి, తన చేని కలుపును తానే కాపాడుకొన్నవాడగును.

హిస్పాకు మేనినిండ ముండ్లుండును. ఆల్టికా వీపు నున్నగా నుండును. అట్లైన ముండ్లు లేనిదెల్ల మేలు చేయునదియే యనుకొందమా? అదియు చెల్లదు. పడమటి తీరపు వరిచేలలో లెప్టిస్పా యను మరియొక నీలిపురుగు కలదు. దానికిని ముండ్లు లేవు. అయినను అది వరినే తినును. కావున ఒక్క గురుతు పట్టుకొని తీర్పు చెప్పుట ఈ శాస్త్రములో ప్రమాదకరము.

ఈ మూడును ఆకులు తినెడి పెంకుపురుగుల కుటుంబమునకు చెందినవే. ఆ కుటుంబములో 30,000కు మించిన జాతులు కలవు. 1758లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు ప్రతి జంతువునకును రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని స్థిరపరచెను. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత చెప్పుకొను తెలుగువారికి ఇది క్రొత్తగా తోచదు. ఐరోపాలోని యొక నీలిపురుగునకు లిన్నేయసు 'ఒలెరాసియా' యను జాతినామము నిచ్చెను. కూరతోటకు చెందినదని దాని యర్థము. చిత్రమేమనగా, ఆ పురుగునకు ముఖ్యాహారము కూరమొక్కలు కావు. లుడ్విజియా కుటుంబములోనివే యగు అడవిమొక్కలు. అర్థము పొసగకున్నను, ముందు పెట్టిన పేరే చెల్లవలెనను నియమముచే అది నేటికిని నిలిచియున్నది. నల్లనివానికి తెల్లయ్య యను పేరుండిన లోకము సరిపెట్టుకొనలేదా!

1762లో పారిస్ నగరపు వైద్యుడు జొఫ్రువా, ఈ పురుగులలో దూకునవానిని వేరుచేసి ఆల్టికా యను ప్రజాతిని ఏర్పరచెను. దూకుట యందు నేర్పుగలదని ఆ గ్రీకుమాటకు భావము. తరువాతివారు దూకు పురుగులను వందల ప్రజాతులుగా విభజించిరి. ఇప్పుడు ఆల్టికాలో మిగిలినవే 200కు పైగా జాతులు.

భారతదేశపు ఆకుపెంకుపురుగులను క్రమముగా వర్ణించుటకు పూనుకొన్నవారిలో మార్టిన్ జాకొబీ యొకడు. ఆయన ఇంగ్లండులో స్థిరపడిన జర్మను సంగీతజ్ఞుడు. వయొలిన్ వాయించుట ఆయన వృత్తి, పురుగుల పరిశీలన వ్యాసంగము. ఆయన 1907లో మరణించెను. ఆయన వ్రాసిన సంపుటము 1908లో వెలువడెను. ఆ పనిని వంగదేశీయుడగు సమరేంద్ర మౌలిక్ కొనసాగించి 1919, 1926, 1936 సంవత్సరములలో మూడు సంపుటములు ప్రకటించెను. దూకు పురుగుల వర్ణన 1926 నాటి సంపుటములో నున్నది.

మౌలిక్ అంతటితో తృప్తి పడలేదు. ఇంత చిన్న పురుగు తన నిడివికి ఎన్నో రెట్లు దూరము ఎట్లు దూకుచున్నది? దాని వెనుక తొడలు ఉబ్బియుండుట అందరును చూచినదే. ఆయన ఆ తొడ లోపల చుట్టుకొనియున్న గట్టి స్ప్రింగువంటి భాగమును 1929లో విపులముగా వర్ణించెను. వెండ్రుకవలె సన్నని కాలిలోని సంగతి యిది! ఆవగింజంత తొడను కోసి చూచుటకు ఎంత స్థిరమైన చేయి కావలెనో ఊహించుకొనవలసినదే. ఆ భాగమును శాస్త్రజ్ఞులు మౌలిక్ అవయవమని పిలిచిరి.

పురుగు చేతికి వచ్చినప్పుడు పరిశీలకుడు మొదట వెనుక తొడను చూచును. తొడ ఉబ్బి, స్ప్రింగు ఉన్నయెడల అది దూకువానిలోనిది. పిదప తలకు వెనుకనున్న కవచమును చూచును. ఆల్టికాలో దాని వెనుక యంచునకు దగ్గరగా అడ్డముగా ఒక గాడి యుండును. తరువాత పెంకురెక్కలపై సూదితో పొడిచినట్లున్న గుంటలను చూచును. అవి వరుసలు తీరక చెదరియుండవలెను. ఇన్నియు కుదిరినచో ప్రజాతి తేలినట్లే. అయినను ఒక్క స్ప్రింగును నమ్మి చుట్టరికము కలుపరాదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అది వేర్వేరు శాఖలలో వేర్వేరుగా ఏర్పడియుండవచ్చును. అందుచే ఇప్పుడు పురుగుల జన్యుపదార్థమును గూడ పోల్చి చూచుచున్నారు. మౌలిక్ ప్రత్యేకముగా నుంచిన దూకు పురుగుల ఉపకుటుంబమును నేడు పలువురు మరియొక ఉపకుటుంబములోని శాఖగా లెక్కింతురు.

ప్రజాతి తేలిన తరువాతనే అసలు కష్టము. ఆల్టికాలోని జాతులు చాలవరకు ఒకే నీలము, ఒకే నునుపు, ఇంచుమించు ఒకే కొలత. వానిని వేరుచేయుటకు మగపురుగు కడుపులోని జననాంగమును బయటికి తీసి, సూక్ష్మదర్శినిలో దాని ఆకారమును చూడవలెను. ఏ మొక్కపై దొరకినదో వ్రాసియుంచిన అదియు తోడ్పడును. ఆడపురుగు మాత్రమే దొరకినప్పుడు, ఎంతటి నిపుణుడైనను పెక్కుసార్లు తొందరపడి పేరు చెప్పడు. దానిని సూదికి గ్రుచ్చి, దొరకిన చోటు, తేదీ, మొక్క పేరు చిన్న చీటీపై వ్రాసి, ఆల్టికా యని మాత్రము చేర్చి, రెండవ మాటకు తావు విడిచి పెట్టెలో భద్రపరచును.